విలేకరులందరూ ధనవంతులు

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం 12:50కి ఫలితం వచ్చింది. బ్యాంకు పరీక్ష ప్రిలిమ్స్ పోయింది. తేడా ముప్పావు మార్కు. బీసీ సడలింపు కలుపుకున్నా నా వయసుకు ఇక మిగిలింది ఒక్క క్లర్కు పరీక్షే. ఆగస్టులో.

ముంచింది రీజనింగు. అందులోనూ సిలాజిజం. పజిల్స్ చేశాను, వరుసలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పాను. రెండు వాక్యాలిచ్చి, వాటినుంచి ఏది తేలుతుందో చెప్పమన్న ప్రశ్నలే ఇంచుమించు అన్నీ తప్పాయి.

నేను తొమ్మిదేళ్లు విలేకరిగా చేసిన పేపరు జిల్లా ఎడిషన్ మూసేసి రెండేళ్లు కావస్తోంది. రోజూ కాసింత రాయకపోతే చెయ్యి ఊరుకోదు. ఈ డైరీ అందుకే. పేపరు మీద బెంగ ఏమీ లేదు.

ఫిబ్రవరి 12

పొద్దున ఉగ్గాని కట్టిచ్చిన కాగితం మా పోటీ పేపరుది. హెడ్డింగులో అక్షరం తప్పు. నేను చదవలేదు. కంటపడింది.

ఫిబ్రవరి 14

మా కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ ఓబులేసు సారు స్టాఫ్ రూముకు పిలిచారు. నంద్యాలలో రీజనింగు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సారు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఉద్యోగం వచ్చినవాళ్లెవరూ ఊరికే మిఠాయి పంచి వెళ్లిపోవడానికి లేదు. కొత్త బ్యాచికి ఒక క్లాసు చెప్పి పోవాలి. అదీ తమకు బాగా వచ్చిన పాఠం కాదు, ఏది రాక పరీక్ష పోగొట్టుకున్నారో ఆ పాఠం.

సారు నా చేత ఒక ప్రశ్న చేయించారు. విలేకరులందరూ ధనవంతులు. కొందరు ధనవంతులు రైతులు. కింద రెండు ముగింపులు. మొదటిది, కొందరు ధనవంతులు విలేకరులు. నేను తప్పని పెట్టాను. రెండోది, కొందరు విలేకరులు రైతులు. ఇది ఒప్పని పెట్టాను.

నేను పెట్టినవి రెండూ తప్పే. ఎందుకలా పెట్టావని అడిగారు. తొమ్మిదేళ్లలో నేను ధనవంతుడైన విలేకరిని చూడలేదని చెప్పాను. మండల విలేకరుల్లో సగం మందికి మాత్రం కనీసం రెండెకరాల శనగ చేను ఉంటుందని కూడా చెప్పాను.

సారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"రిపోర్టరమ్మా, నువ్వు పరీక్షలో ఎంక్వయిరీ చేస్తాండావు. వాడు ఒప్పుకోమని ఇచ్చిన మాటను నిజమో అబద్ధమో కనుక్కోను పోతాండావు. వాడు విలేకరులందరూ ధనవంతులన్యాడా, ఆ గంట సేపు నువ్వూ ధనవంతురాలివే. నీకేం పోయింది?"

తర్వాత సారు ఎస్తేరు సంగతి చెప్పారు. మా హాస్టల్లోనే, పై అంతస్తులో ఉంటుందట. పుట్టుకతో చూపు లేదు. ప్రాక్టీసు పేపర్లు చదివిపెట్టే మనిషి కావాలి. సొంత మాట కలపకుండా చదివే అలవాటు నీకూ కావాలి అన్నారు. సోమవారం నుంచి వెళ్లమన్నారు.

సాయం చేయమని అడుగుతున్నారనుకున్నాను.

ఫిబ్రవరి 17

తెల్లవారి ఆరింటికి హాస్టల్ మిద్దె మీద మొదటిసారి కూర్చున్నాం. ఎస్తేరుది ఆత్మకూరు పక్క పల్లె. ఇరవై నాలుగేళ్లు. నేను మెట్లెక్కుతుండగానే అడిగింది. "ముప్పావు మార్కక్కవి నువ్వేనా?"

షరతులు చెప్పింది. అర్థం చెప్పకూడదు. అయ్యో అనకూడదు. చదివిన వాక్యం మళ్లీ అడిగితే విసుక్కోకూడదు. "ఇంగోటి. నా మీద స్టోరీ రాయొద్దు. పోయినేడు ఒకాయన వచ్చి రాసి పోయినాడు. అంధకారంలో వెలుగంట. నాకు చీకటంటే ఏందో కూడా తెల్దు."

రాయడానికి నాకు పేపరే లేదని చెప్పాను.

"అయితే సరే, కూర్చో."

ఇది స్టోరీ కాదు. డైరీ.

ఫిబ్రవరి 20

ఎస్తేరు బొమ్మలు గీయదు, గీయలేదు. నేను ఒక్కో ప్రశ్నకు మూడు వృత్తాలు గీసి, కొట్టేసి, మళ్లీ గీసేలోపు ఆమె జవాబు చెప్పి తర్వాతిది చదవమంటుంది.

సారు ఇచ్చిన విలేకరుల ప్రశ్న ఈమెకూ చదివాను. మధ్యలో ఆపింది.

"ధనవంతులు అనేటప్పుడు నీ గొంతు కిందికి పోయిందిక్కా."

పోలేదన్నాను.

"పోయింది. నువ్వు నమ్మని వాక్యం వస్తే పోతాది. నిన్న 'ఏ కుక్కా జంతువు కాదు' అనేదాని కాడ కూడా పోయింది. పరీక్షలో నాకు చదివేవాళ్లు ఇట్ల చదివితే నేను మునిగిపోతా. రేడియోలో వార్తలు చదువుతారు సూడు, అట్ల చదువు."

ఫిబ్రవరి 21

రేడియోలాగా చదవడం కష్టం.

మార్చి 3

మధ్యాహ్నం మెస్‌లో ఎస్తేరు ఎదుటి బల్ల. విలేకరుల ప్రశ్నలో రెండో ముగింపు, కొందరు విలేకరులు రైతులన్నది, ఎందుకు రాదో నాకు ఇంకా మింగుడు పడలేదని చెప్పాను. ఆమె ప్లేటు ముందుకు జరిపి, అందులో ఖాళీ గిన్నె పెట్టింది.

"ప్లేటు ధనవంతులు. గిన్నె విలేకర్లు. గిన్నె మొత్తం ప్లేట్లోనే ఉండాది, అవునా? ఇప్పుడు వడ్డించే ఆమె వస్తాది. పప్పు రైతులు. ప్లేట్లో యాడనో ఒకకాడ పోస్తాది. గిన్నెలో పోస్తాదా, పక్కన పోస్తాదా?"

తెలియదన్నాను.

"అంతే. తెల్దు. పోసిందని రాసినావంటే తప్పు. పొయ్యలేదని రాసినా తప్పే. పోసిండొచ్చు అంటే మాత్రం ఒప్పు."

వడ్డించే ఆమె వచ్చి అన్నం ఎందుకు పెట్టించుకోలేదని అడిగి, పప్పు గిన్నెలోనే పోసింది. ఎస్తేరు వేలు పెట్టి చూసి, ఇది లెక్కలోకి రాదులే అంది.

రెండు వాక్యాలు విని ఏమీ తెలియదని చెప్పడం కూడా ఒక జవాబేనని నాకు ఇన్నేళ్లుగా తట్టలేదు. తెలియదని రాస్తే మా డెస్కు వార్త వెనక్కి పంపేది.

మార్చి 4

పొద్దున విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఒకతను తాలూకా ఆఫీసు ముందు ధర్నా అని పెట్టాడు. వెళ్లలేదు. దూరం నుంచి చూశాను.

మార్చి 19

ఈ రోజు రాయాల్సింది ఒక్కటే విషయం. వరుసగా రాస్తాను.

ఉదయం సెట్‌లో వాక్యం ఇలా ఉంది. ఏ చెరువులోనూ నీళ్లు లేవు. నేను చదివి ఆగిపోయాను. పోయిన వారమే వెలుగోడు వైపు వెళ్లి వచ్చాను, అక్కడి చెరువు నిండుగా ఉంది. ఆ మాట నోట్లోంచి రాలేదుగానీ ఆగిపోయాను. ఎస్తేరు నవ్వింది.

"అక్కా, ఒకటడుగుతా. ఒక ఆఫీసరు వచ్చి ఏ చెరువులోనూ నీళ్లు లేవని చెప్పినాడనుకో. ఆయన చెప్పింది అబద్ధమని నీకు తెలుసు. నువ్వు ఆ మాట పేపర్లో ఎట్ల రాస్తావు?"

జిల్లాలోని ఏ చెరువులోనూ నీళ్లు లేవని అధికారులు తెలిపారు, అని రాస్తాను. చెప్పాను.

"తెలిపారు. ఆ మాట నీదా?"

వాళ్లది.

"అబద్ధమైతే ఎవరి మీదికి వస్తాది?"

వాళ్ల మీదికే.

"మరి ఇదీ అంతే గదా. ప్రతి వాక్యం ఎనకాల తెలిపారు అని పెట్టుకో. విలేకర్లందరూ ధనవంతులని అధికారులు తెలిపారు. కొందరు ధనవంతులు రైతులని అధికారులు తెలిపారు. వాళ్లు తెలిపిందాంట్లో ఏముండాదో అంతే రాయి. వాళ్లు తెలపంది నువ్వు తెలపొద్దు."

సెట్‌లో మిగిలినవన్నీ అలాగే చేశాను. ఒక్కటీ తప్పలేదు.

తొమ్మిదేళ్లు రోజూ చేసిన పని ఇది. ప్రకటనలో ఉన్నది ఉన్నట్టు రాసి, ఎవరి మాటో వాళ్ల పేరున పెట్టి, పంపేయడం. నా వార్తల్లో సవరణలు తక్కువని మా బ్యూరోలో పేరు కూడా ఉండేది. పరీక్ష హాల్లో మాత్రం ఆ పనినే మర్చిపోయి కూర్చున్నాను. ఇంకొకరు గుర్తుచేయాల్సి వచ్చింది. అదీ నా వార్త ఒక్కటీ చదవని మనిషి.

ఎస్తేరుకు థాంక్స్ చెప్పాను. రేపు పది నిమిషాలు ముందు రమ్మంది.

ఏప్రిల్ 9

మాక్ పరీక్ష. సిలాజిజం ఐదింటికి ఐదు.

ఏప్రిల్ 16

ఐదింటికి ఐదు.

ఏప్రిల్ 30

ఐదింటికి రెండు. నిద్ర సరిగా లేదు, కారణం అదే. ఎడిషన్ మూసింది ఇదే తేదీన అని ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది. సంబంధం లేదు.

మే 1

ఎస్తేరు అడిగింది, నిన్న ఏమైందని. నిద్ర లేదని చెప్పాను. గొంతు కిందికి పోయిందంది. అప్పుడు చెప్పాను. ఎడిషన్ మూసిన రోజు మధ్యాహ్నం వార్తలు పంపి కూర్చున్నామని, రాత్రికి పేజీలు లేవని సాయంత్రం ఫోన్ వచ్చిందని, ఆ వార్తలు ఎక్కడా రాలేదని.

అయ్యో అనలేదు. ఆ రోజు పంపిన వార్తలు ఏవో చెప్పమంది. బనగానపల్లె ఆసుపత్రిలో కుక్కకాటు మందు లేదన్నది ఒకటి, ఈదురుగాలికి మామిడి రాలిందన్నది ఇంకొకటి. ఆసుపత్రి వార్త మొదటి పేరా గుర్తుందా అని అడిగింది. ఉంది. చదవమంది. చదివాను. కాసేపు విని, "బాగుండాది" అంది. తర్వాత సెట్ తీయమంది.

ఆ వార్తకు మొదటి పాఠకురాలు. రెండేళ్లు ఆలస్యంగా.

జూన్ 22

ఎండలు పోలేదు. మిద్దె మీద గచ్చు పొద్దునే కాలుతోంది. మెట్ల మీద కూర్చుని చదువుతున్నాం. వచ్చేపోయే పిల్లలంతా మమ్మల్ని దాటుకుని వెళ్తూ ఒక్కో జవాబు చెప్పి పోతున్నారు. సగం తప్పులు.

జులై 30

హాల్ టికెట్లు వచ్చాయి. ఇద్దరికీ కర్నూలే, ఆగస్టు 24 ఆదివారం. ఆమెది ఉదయం, నాది మధ్యాహ్నం. ఆమెకు పరీక్షలో చదివి జవాబు నొక్కేది వాళ్ల చిన్నాన్న కూతురు.

ఆగస్టు 19

చిన్నాన్న కూతురికి టైఫాయిడ్. ఆత్మకూరు ఆసుపత్రిలో చేర్చారు. పరీక్ష ఐదు రోజుల్లో ఉంది.

ఎస్తేరు ఈ సంగతి చెప్పి, సెట్ తీయమంది. చదువుతుంటే తెలిసింది, మొదటిసారి ఆమె జవాబులు తప్పుతున్నాయి.

ఆ చదివేదేదో నేనే చదువుతానని సారు దగ్గరికి వెళ్లాను. సారు తల అడ్డంగా ఊపారు. అదే పరీక్ష రాసే మనిషి ఇంకొకరికి చదవకూడదు. నేను రాయడం మానేసినా కుదరదు. చదివేవాళ్ల చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి, అంటే ఇంటర్ వరకే. నాకు డిగ్రీ ఉంది.

రాయడం మానేస్తానని నేను అన్నానా, సారే అన్నారా? గుర్తు లేదు.

ఆగస్టు 20

పొద్దున్నుంచి ఫోన్లు. తొమ్మిదేళ్ల నంబర్లు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి. ఇంటర్ పాసై, ఆపైన చదవకుండా, తెలుగూ ఇంగ్లీషూ తడబడకుండా చదివి, ఆదివారం కర్నూలు రాగలిగిన మనిషి కావాలి. కాలేజీ లెక్చరర్లు, ఎంపీడీవో ఆఫీసు, పాస్టరు, లైబ్రరీ. ఎవరికీ వీలు కాలేదు.

సాయంత్రం కుళ్లాయమ్మకు చేశాను. పాణ్యం దగ్గర ఆశా కార్యకర్త, ఇంటర్‌తో చదువు ఆపేసింది. టీకాల మీద నేను రాసిన వార్తలో డెస్కు ఆమె పేరు బదులు ఇంకొకరి పేరు వేసింది. మర్నాడు సవరణ వేయించాను. అదంతా నాకు గుర్తు లేదు, ఆమే చెప్పింది.

"నా పేరు కోసం ఇంగో దినం పేపర్లో చోటు అడిగింది నువ్వే మేడమ్మా. మావాళ్లు ఆ ముక్క ఇంట్లో అద్దం కట్టించి పెట్టినారు. వస్తాలే. ఏం చదవాల?"

నాలుగు లైన్ల సవరణ అది.

ఆగస్టు 22

కాగితాలు సారు సరిచేశారు. కుళ్లాయమ్మ నిన్న, ఈ రోజు వచ్చి ఎస్తేరుతో కూర్చుంది. చదవడం గట్టిగా, తప్పుల్లేకుండా. ఇంటింటా బాలింతల కార్డులు చదివి చదివి అలవాటైందట. ఒక్కటే చిక్కు.

విలేకరుల ప్రశ్న చదివి పుస్తకం దించింది. "విలేకర్లు ధనవంతులా? యాడుండారు? ఈ మేడమ్మకు స్కూటీ కూడా సొంతం కాదే."

ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వే చెప్పక్కా" అంది నాతో.

చెప్పాను. "కుళ్లాయమ్మా, అధికారులు తెలిపారనుకో."

"ఓ, వాళ్లు తెలిపిందా. అయితే మనకెందుకు."

తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. ఎస్తేరు జవాబులు మళ్లీ దారిలో పడ్డాయి.

నేను రెండు రోజులుగా ఒక్క సెట్ చేయలేదు.

ఆగస్టు 24

ఉదయం ఆరింటికల్లా కర్నూలు చేరాం. ముగ్గురం బస్టాండులో దోసెలు తిన్నాం. వాళ్లిద్దరినీ గేటు దగ్గర వదిలాను. బయటికి వచ్చేటప్పటికి కుళ్లాయమ్మకు చెమటలు. ఎస్తేరు బాగానే ఉంది. కాన్పు చేయించినట్టుందని కుళ్లాయమ్మ అంది. ఎవరికి అని ఎస్తేరు అడిగింది.

నాది మధ్యాహ్నం. సిలాజిజం వచ్చింది. రైళ్లన్నీ గులాబీలట, కొన్ని గులాబీలు గడియారాలట. రైళ్లు ఏ స్టేషన్‌వో నేను అడగలేదు. మిద్దె మీద చదివిన గొంతుతోనే లోపల చదువుకున్నాను. పైకీ పోలేదు, కిందికీ పోలేదు. నాలుగో ప్రశ్నకు రెండు ముగింపుల్లో ఏదో ఒకటి తప్పకుండా నిజం అనే జవాబు. పెట్టాను.

బయటికి వస్తే ఇద్దరూ ఎదురుగా చెట్టుకింద ఉన్నారు. నాకోసం ఒక బజ్జీ మిగిల్చారు. పొట్లం కాగితం వాళ్లే పారేశారు.

సెప్టెంబరు 26

ప్రిలిమ్స్ ఇద్దరమూ దాటాం.

అక్టోబరు 12

మెయిన్స్ రాశాం. మళ్లీ కుళ్లాయమ్మే వచ్చింది. చార్జీలు ఇస్తే తీసుకోలేదు. ఎస్తేరు తిట్టాక తీసుకుంది.

జనవరి 6

ఫలితం ఎప్పుడో ఎవరికీ తెలియదు. వస్తుందనీ రాదనీ రోజుకో వదంతి. అధికారులు ఏమీ తెలపలేదు.

ఏప్రిల్ 1

ఉదయం 10:15కి ఫలితాలు పెట్టారు. ముందు ఎవరూ నమ్మలేదు, తేదీ అలాంటిది. మేం మెట్ల మీద ఉన్నాం. ఎస్తేరు తన నంబరు నోటికి చెప్పింది. కొట్టాను. ఎంపికైంది. బ్యాంకు పేరుతో సహా ఉన్నది ఉన్నట్టు చదివాను. రెండోసారి చదవమంది. చదివాను. తర్వాత, నీది అంది.

నాది కొట్టాను. పేజీ తిరుగుతూ ఉంది. తిరగడం ఆగింది. నేను చూశాను. చదవలేకపోయాను.

ఎస్తేరు చెప్పింది.

"ముగింపు ఒకటి, అక్క ఎంపికైంది. ముగింపు రెండు, అక్క ఎంపిక కాలేదు. రెండిట్లో ఏదో ఒకటి తప్పకుండా నిజమే గదా. దానికెందుకింత సేపు? రేడియో లెక్క చదువు."

చదివాను. "క్లర్కు పోస్టుకు అభ్యర్థి ఎంపికైనట్లు అధికారులు తెలిపారు."

"గొంతు కిందికి పోయిందిక్కా. నమ్మలేదు నువ్వు."

నిజమే, నమ్మలేదు. మళ్లీ చదివించింది. మూడోసారికి గొంతు సరిగా వచ్చిందని ఒప్పుకుంది.

కుళ్లాయమ్మకు ఫోన్ చేశాం. ఎవరో పురిటి మనిషితో ఆటోలో ఉంది. ఇద్దరికీనా, ఇద్దరికీనా అని రెండుసార్లు అడిగి, మళ్లీ చేస్తానని పెట్టేసింది.

ఏప్రిల్ 2

ధన్యవాదాలు అనే మాట నేను సన్మాన సభల వార్తల్లో వందలసార్లు రాసి ఉంటాను, చివరి లైనులో, చోటు మిగిలితే. ఈ రోజు ఎస్తేరుకు చెప్పబోతే, రాసుకోపో అంది. నువ్వు ఏదో రాస్తుంటావని నాకు తెలుసు, కలం చప్పుడు వినపడుతుంది, స్టోరీ కాకపోతే చాలు అంది.

రాస్తున్నాను. ముప్పావు మార్కుకు కూడా ధన్యవాదాలు. అది పోకపోతే నన్ను మిద్దె మీదికి పంపేవాళ్లు కాదు.

పొద్దున పేపరు కొన్నాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. బెంగగానే ఉంది. ఉండనీ.

ఏప్రిల్ 4

ఇన్‌స్టిట్యూట్ గుమ్మం పక్క నల్లబోర్డు మీద సారు స్వయంగా రాశారు. సుద్దముక్కతో, పెద్ద అక్షరాలతో. సిలాజిజం, హుసేనమ్మ. నా పేరు వార్త పైకెక్కి మూడేళ్లు కావస్తోంది. అక్షరదోషం ఉందేమోనని దగ్గరికి వెళ్లి చూశాను. లేదు.

దాని కింద, ఇంగ్లీషు, ఎస్తేరు. ఆమె ఎందులో పోయేదో అదే.

సోమవారం ఉదయం ఏడింటికి కొత్త బ్యాచికి నా క్లాసు. మొదటి వాక్యం విలేకరులందరూ ధనవంతులు. ఎస్తేరు ముందు బెంచీలో కూర్చుని గొంతు చూస్తానంది. ఎనిమిదింటికి ఆమె క్లాసు. ప్రశ్నలు చదివేది నేను.